ఒత్తిడి పుట్టు తావులు

పని ఎక్కువగుటచేతనే మనస్సునకు ఒత్తిడి కలుగుచున్నదను నమ్మకము మనలో గట్టిగా నాటుకొనియున్నది. అందుచేతనే ఎవరైనను తమకు ఊపిరి సలుపుట లేదని మొఱపెట్టుకొనినప్పుడు, నాలుగు దినములు సెలవు పెట్టుమనియో, తిరుపతికో అరకులోయకో పోయి రమ్మనియో తొందరపడి హితము చెప్పుదుము. ఆ మనుష్యుడు పోయి, మొక్కు తీర్చుకొని, చల్లగాలి పీల్చుకొని తిరిగివచ్చి, మఱునాటి ఉదయమున ఆఫీసు మెట్లెక్కుచుండగానే మునుపటి గుండెదడ మరల మొదలైనదని చెప్పినప్పుడు, దోషము సెలవులో నున్నదో మనిషిలో నున్నదో తెలియక ఊరకుందుము. సెలవు అలసటను తీర్చును. ఒత్తిడి వేఱొక జాతికి చెందినది. దినమంతయు వంగి వరినాట్లు వేసిన స్త్రీ చాపమీద వ్రాలిన క్షణముననే నిద్రపోవచ్చును. చల్లని గదిలో కూర్చుండి, కాఫీ కప్పు కంటె బరువైన వస్తువును ఎత్తనివాడు అర్ధరాత్రము దాటిన పిమ్మట కూడ తిరుగుచున్న ఫంకాను చూచుచు మేలుకొనియుండవచ్చును. అట్లని పల్లెలలో ఒత్తిడి లేదనుట పట్టణవాసులు తమ వినోదము కొఱకు కల్పించుకొనిన ముచ్చట. దానిని గూర్చి కొంత దూరము పోయిన పిమ్మట చెప్పుదును. ఒత్తిడిని తగ్గించుకొను ఉపాయములు చెప్పు పుస్తకములు అంగళ్లలో కొల్లలుగా దొరకును గనుక, ఈ అధ్యాయమున వానితో మొదలుపెట్టక, ముందుగా అది పుట్టు తావులను వెదకుదము.

మొదట శరీరము సంగతి. హార్వర్డు వైద్యకళాశాలలో శరీరధర్మశాస్త్రాచార్యుడుగా నుండిన వాల్టర్ కానన్, తాను విద్యార్థిగా నున్న దినములలోనే, అప్పటికి క్రొత్తగా కనిపెట్టబడిన ఎక్స్‌రే కిరణముల సాయమున పిల్లుల జీర్ణకోశములను పరిశీలించుచు నొక విచిత్రమును గమనించెను: పిల్లి నెమ్మదిగా నున్నంతసేపు అలలు అలలుగా కదలుచుండిన కడుపు, అది బెదరినను, ఉద్రేకించినను, కదలిక మాని స్తంభించిపోవుచుండెను. పరీక్షకు పోవు పిల్లవానికి తల్లి కలిపిపెట్టిన పెరుగన్నము గొంతు దిగకపోవుటకును ఇదియే కారణము. 1915లో కానన్ ప్రకటించిన గ్రంథమున ఈ విషయము సవిస్తరముగా చర్చింపబడినది. ఆపద ఎదురైన ప్రాణి పోరాడుటకో పాఱిపోవుటకో సిద్ధపడవలెను గనుక, మూత్రపిండములపై నమరియున్న అడ్రినల్ గ్రంథులు అడ్రినలిన్‌ను రక్తములోనికి వదలును. గుండె వేగము హెచ్చును. కాలేయము చక్కెరను విడుచును. జీర్ణాశయమునకు పోవలసిన రక్తము కండరముల వైపు మఱలును. 

ఈ సన్నాహమునకు ఎక్స్‌రే కంటె మిక్కిలి పాతదైన సాక్ష్యము మనకు కలదు. భగవద్గీత ప్రథమాధ్యాయమున అర్జునుడు తన నోరెండుచున్నదనియు, ఒడలు వణకుచున్నదనియు, చర్మము మండుచున్నదనియు, గాండీవము చేజారుచున్నదనియు చెప్పుకొనును. ఆయన అంతకుముందు ఎన్నియో యుద్ధములు చేసినవాడు. గోగ్రహణమున కురుసేన నంతటిని ఎదుర్కొనినవాడు. అప్పుడు ఈ లక్షణములలో నొక్కటియు కానరాలేదు. భేదమేమనగా, కురుక్షేత్రమున ఆయన పోరాడనూ లేడు, పాఱిపోనూ లేడు. శరీరము రెండింటికిని సిద్ధమైయున్నది. రెండు దారులును మూసికొనిపోయినవి. అధికారి యెదుట నిలుచుండి, తనది కాని తప్పునకు తల వంచుకొని, ‘సరే సర్’ అనుచున్న గుమాస్తా స్థితియు ఇంచుమించుగా ఇట్టిదే. వాని రక్తములో పరుగెత్తుటకు వలసిన చక్కెర సిద్ధముగా నున్నది. కాళ్లు మాత్రము బల్ల క్రింద కదలక యున్నవి.

వియన్నాలో పుట్టి, కెనడా దేశపు మాంట్రియల్ నగరమున పరిశోధనలు చేసిన హన్స్ సెల్యే 1936లో ‘నేచర్’ పత్రికలో ప్రకటించిన చిన్న లేఖ ఒత్తిడిని గూర్చిన శాస్త్రమునకు పునాది వేసినది. ఎలుకలను చలిలో నుంచినను, గాయపఱచినను, విషప్రాయమైన మందులిచ్చినను, శ్రమ పెట్టినను, అడ్రినల్ గ్రంథులు ఉబ్బుట, థైమస్ గ్రంథి కుంచించుకొనిపోవుట, కడుపులో పుండ్లు పడుట అను మూడు మార్పులే కానవచ్చుచున్నవని ఆయన చూపెను. బాధ ఏదైనను దేహమిచ్చు సమాధానము ఒక్కటియేనని ఆయన తలచెను. మొదట బెదరును, తరువాత తట్టుకొనును, చివరకు నిస్త్రాణమగునని ఆయన మూడు దశలను నిర్ణయించెను. బలము తరిగిపోవుటకంటె, ఆ రక్షణసన్నాహమే ఎడతెగక సాగుచుండుట హానికరమని తరువాతి శాస్త్రజ్ఞులు దీనిని కొంత సవరించినారు. క్షణకాలము కొఱకు ఏర్పడిన యేర్పాటును మనము నెలల తరబడి నడిపించుచున్నాము.

ఇక అసలు ప్రశ్న: దానిని అట్లు నడిపించునది ఏది?

అమెరికా దేశమున హోమ్స్, రాహే అను నిద్దఱు వైద్యులు 1967లో జీవితమున సంభవించు 43 సంఘటనలకు మార్కులు వేసి యొక పట్టిక కూర్చిరి. భార్య గాని భర్త గాని మరణించుట 100, విడాకులు 73, వివాహము 50, ఉద్యోగవిరమణ 45. సెలవుపై పోవుటకు కూడ 13 మార్కులున్నవి. శుభమైనను అశుభమైనను, నడుచుచున్న జీవితమును కదిలించు ప్రతి మార్పును ఒత్తిడియేనని వారి యభిప్రాయము. అందులో అత్తవారింటివారితో తగవులకు 29 మార్కులు మాత్రమే వేసినారు. ఆ పట్టికను మన దేశపు కోడండ్ర చేత తయారు చేయించియున్నచో ఆ యంకె అంత దిగువన నుండెడిది కాదని నా నమ్మకము. కూతురి పెండ్లి చేయు తండ్రి పడు అవస్థకు అందులో ప్రత్యేకముగా చోటే లేదు. పట్టికలు వాని దేశమునకే సరిపోవునని దీనివలన గ్రహింపవలెను.

అంతకంటె ముఖ్యమైన లోపమును కాలిఫోర్నియాలోని రిచర్డ్ లాజరస్, ఆయన సహచరులు 1981లో ఎత్తి చూపిరి. మనుష్యుల మనఃక్లేశమును ముందుగా సూచించుటలో పెద్ద సంఘటనలకంటె నిత్యము వేధించు చిన్న చికాకులే మిన్నగా పనిచేసినవని వారు కనుగొనిరి. ధరలు పెరుగుట, వస్తువులు కనబడకుండ పోవుట, ఇంటిలో ఒకరికి ఒంట్లో బాగుండకపోవుట, చేయవలసిన పనులు మిక్కుటమగుట వంటివి. పెద్ద ఆపద వచ్చినప్పుడు బంధువులు వచ్చి నిలుతురు, ఇరుగుపొరుగువారు అన్నము వండి పంపుదురు. గ్యాసు సిలిండరు రాలేదనియు, ఓటీపీ అందలేదనియు, స్కూలు వ్యాను తప్పిపోయినదనియు ఎవరును పరామర్శకు రారు.

చిన్నవైనను పెద్దవైనను, కొన్ని మనలను తాకి పోవును, కొన్ని లోపల తిష్ఠ వేయును. ఈ భేదమునకు కారణము వెదకిన వారిలో గ్లాస్, సింగర్ అను నిద్దఱు మనస్తత్వవేత్తలు చేసిన ప్రయోగము నాకు మిక్కిలి విలువైనదిగా తోచును. కొందఱిని కూర్చుండబెట్టి, ఎప్పుడు వచ్చునో తెలియని పెద్ద రొదను వినిపించుచు పని చేయించిరి. వారిలో కొందఱికి మాత్రము ఒక మీట చూపి, భరింపలేనిచో దీనిని నొక్కి రొదను ఆపుకొనవచ్చును గాని, వీలైనంతవఱకు నొక్కకుండుట మాకు ఇష్టమని చెప్పిరి. మీట నొక్కకయే, రొద నంతటిని మిగిలినవారితో సమానముగా విని కూడ, తరువాత ఇచ్చిన కఠినమైన చిక్కుప్రశ్నలతో మీటగలవారు ఎక్కువసేపు పెనగులాడిరి, తప్పులు తక్కువ చేసిరి. చెవులు పడిన బాధ ఒక్కటియే. ఆపగలమను ఎఱుక వారిని కాపాడినది. తిరుమల కనుమదారిలో బస్సు ఎక్కిన వారికి ఇది అనుభవమే: మలుపు మలుపునకును ప్రయాణికులకు కడుపులో త్రిప్పును, అవే మలుపులు త్రిప్పుచున్న డ్రైవరునకు ఏమియు కాదు, ఏలననగా తరువాతి మలుపు ఎటో వానికి ముందే తెలియును.

లండనులో 1967లో మొదలైన వైట్‌హాల్ పరిశోధన దీనినే వేఱొక విధమున నిరూపించినది. ప్రభుత్వకార్యాలయములలో పెద్ద బాధ్యతలు మోయు ఉన్నతాధికారులకే గుండెజబ్బులు ఎక్కువయని లోకమంతయు అనుకొనుచుండగా, అట్టడుగు శ్రేణిలోని బంట్రోతుల, కావలివారల మరణములు ఉన్నతశ్రేణివారి మరణములకంటె మూడు రెట్లున్నట్లు తేలినది. పొగత్రాగుట, రక్తపోటు మొదలైనవానిని లెక్కవేసి తీసివేసినను భేదము పూర్తిగా పోలేదు. 1985లో ఆరంభమైన రెండవ వైట్‌హాల్ పరిశోధన దానికి ఒక ముఖ్యకారణమును చూపినది: తాను చేయు పనిని ఎప్పుడు, ఎట్లు చేయవలెనో నిర్ణయించుకొను స్వేచ్ఛ లేకపోవుట. పెద్ద సంతకము చేయువానికంటె ఆ సంతకము కొఱకు గుమ్మము వద్ద నిలుచుండువానికే ఒత్తిడి ఎక్కువ.

ఈ దృష్టితో మన చుట్టును చూచినచో అనేకవిషయములు విశదమగును. గచ్చిబౌలి నుండి ఇల్లు చేరుటకు ప్రతిదినము కచ్చితముగా గంట పట్టునని తెలిసినయెడల మనిషి ఆ గంటకు అలవాటు పడును, పాటలు వినును, కునుకు తీయును. ఒకనాడు నలుబది నిమిషములు, మఱొకనాడు రెండు గంటలు పట్టినప్పుడు, దూరము మారకున్నను, ఇంటివారికి చెప్పిన మాట తప్పుచుండును గనుక, వాడు ప్రతిసాయంకాలము ఓడిపోయినవాడుగా ఇల్లు చేరును. ఇంటి రుణము ఈఎంఐ బరువైనదే. కాని జీతము సక్రమముగా వచ్చువానికి దాని తేదీయు తెలియును, మొత్తమును తెలియును, ముగియు సంవత్సరమును తెలియును. గడువు చెప్పక బావమఱది వద్ద తీసికొనిన చేబదులు అట్లు కాదు. పెండ్లిలో ఎదురుపడి అతడు ‘ఏం బావా, బాగున్నావా?’ అనినను అది తగాదా వలె వినబడును. పదింతల అప్పు ఇవ్వని అశాంతిని ఈ చిన్న చేబదులు ఇచ్చును.

హైదరాబాదులో 1998లో సైబర్ టవర్స్ వెలసిన నాటినుండి పెరిగిన క్రొత్త ఉద్యోగజీవితమున కాలమే పరాధీనమైనది. న్యూయార్కులో ఉదయము పది గంటలగునప్పటికి మనకు ఋతువును బట్టి రాత్రి ఏడున్నరయో ఎనిమిదిన్నరయో అగును. అక్కడివారు తాజాగా పని మొదలుపెట్టు సమయము ఇక్కడ పిల్లలకు అన్నము పెట్టు సమయము. వారానికి మూడు కాల్స్ ఫలానా గంటకని నిశ్చయముగా నున్నచో కుటుంబము సర్దుకొనును. ఎప్పుడు మ్రోగునో తెలియని ఫోను మ్రోగకపోయినను భోజనపు బల్లమీద కూర్చుండియే యుండును.

అమెరికాలో నున్న మనవారి సంగతియు ఇట్టిదే. డాలస్‌లోను న్యూజెర్సీలోను పెద్ద ఇండ్లు కట్టుకొని, బతుకమ్మలు ఆడుకొనుచు, దూరమునకు సుఖులుగా కనబడు కుటుంబములలో, హెచ్-1బి వీసాపై నున్న భర్త ఉద్యోగము పోయినచో సాధారణముగా 60 దినముల లోపల మఱొకటి వెదకుకొనవలెనను సంగతి ఇంటిలో ఎవరును పలుకరు గాని అందఱకును తెలియును. గ్రీన్‌కార్డు వరుసలో ప్రతినెలయు వెలువడు పట్టిక చూచి, అందులోని తేదీ కదలలేదని నిట్టూర్చుట వారికొక వ్రతమైనది.

పల్లెను గూర్చి చెప్పుదునంటిని. వరంగల్లు ఎనుమాముల మార్కెట్టునకు పత్తి తెచ్చిన కౌలురైతు శ్రమకు వెనుదీయువాడు కాడు. వాని శ్రమ పొలమున ముగిసినది. వానిని కలచునది తేమ కొలుచు యంత్రము. కాటన్ కార్పొరేషన్ వారి కొనుగోలులో తేమ నూటికి 8 లోపున్నచో పూర్తి మద్దతుధర. అంతకు మించినకొలది తగ్గింపు. 12 దాటినచో తిరస్కారము. క్రిందటి రాత్రి పొగమంచు కురియుట వాని చేతిలో లేదు. విత్తనములకు తెచ్చిన డబ్బునకు నూటికి రెండు రూపాయల వడ్డీ మాత్రము నెల నెలకును తప్పదు. వాన ఒకరి చేత, ధర మఱొకరి చేత, అప్పు తన తల మీద. ఇట్టివానిని పట్టుకొని ధ్యానము చేసికొమ్మనుట పరిహాసము. సకాలమున పెట్టుబడి, నమ్మదగిన కొనుగోలు, కౌలుదారు గుర్తింపు కార్డు వాని యొత్తిడికి మందులు. వ్యక్తిత్వవికాసము పేరిట సంఘము చేయవలసిన పనిని మనిషి మీదికి నెట్టు రచనలు మన భాషలో హెచ్చుచున్నవి. ఈ పుస్తకము ఆ జాబితాలో చేరకుండుటకు నా శక్తికొలది జాగ్రత్తపడుదును.

మఱొక తావు అసంపూర్తి. ఫోనులో ఇతరుల విహారములను, గృహప్రవేశములను చూచి అసూయపడుటను గూర్చి ఇప్పటికే చాల మంది వ్రాసిరి గనుక దానిని వదలెదను. నేను చెప్పునది ముగియని పనులను గూర్చి. పూర్వము ఉత్తరమునకు జవాబు వ్రాసి డబ్బాలో వేసినచో ఆ పని ముగిసినట్లే. ఇప్పుడు వాట్సాప్ సంభాషణకు అంతము లేదు. ఇంటిలో చూచి మూసిన సందేశము, ‘చూచియు జవాబీయలేదు’ అను నిందగా మారి మన వెంట తిరుగును. ఇవి ఒక్కొక్కటిగా రెండు నిమిషముల పనులే; నలుబది కలసినచో, ఏ పనియు చేయకయే మనిషి సాయంకాలమునకు డస్సిపోవును.

ఇక ఆచరణ. ఒక చిన్న నోటుబుక్కు తీసికొని, ఒక వారముపాటు, గుండె దడదడలాడినప్పుడును, మెడ బిగిసినప్పుడును, అకారణముగా పిల్లలపై కేక వేసినప్పుడును, ఆ వేళను, దానికి సరిగా ముందు జరిగిన దానిని మాత్రమే వ్రాయుడు. భావములు వర్ణింపవద్దు, ‘టెన్షన్‌గా ఉంది’ అని వ్రాసినచో ఏమియు తెలియదు. ప్రక్కనే, ఇది నా చేతిలో నున్నదా, ఇతరుల చేతిలో నున్నదా, ఎవరి చేతిలోను లేనిదా అని గుర్తు పెట్టుడు. బ్యాంకులో పనిచేయు ఇల్లాలు ఒకతె తన బాధకంతయు శాఖలోని పనిభారమే కారణమని నమ్మియున్నదనుకొందము. వారము గడచిన పిమ్మట చూచినచో ఆమె వ్రాతలలో పెక్కు సాయంకాలము నాలుగున్నరకు ఐదింటికి నడుమ కుప్పపడియుండవచ్చును. ఖాతాదారులు పలుచనైన వేళ అది. ఆ సమయమున స్కూలు వ్యాను ఇల్లు చేరవలెను. చేరినదో లేదో తెలియదు. ఆమెకు వలసినది సెలవు కాదు, పనిలో తగ్గింపును కాదు. పిల్లవాడు లోపలికి వచ్చిన వెంటనే వాచ్‌మన్ భార్యయో, ప్రక్కింటి పిన్నిగారో చేయు అఱనిమిషపు ఫోను. నిందింపబడు కారణమును అసలు కారణమును ఇట్లు వేఱైయుండుట తఱచుగా జరుగును.

మన చేతిలో నున్నవానికి తేదీ వేయవలెను. ఇప్పుడే చేయనక్కఱలేదు, ఎప్పుడు చేయుదుమో కాగితముపై పడినచో చాలును. బావమఱదికి సంక్రాంతి నాటికి సగము, ఉగాదికి సగము అని మనమే ముందుగా చెప్పినచో ఆ చేబదులు ఈఎంఐగా మారి నోరు మూయును. ఇతరుల చేతిలో నున్నవానిని గూర్చి ఫలితమును యాచించుటకంటె గడువు అడుగుట మేలు: ‘కాదన్నను ఫరవాలేదు సార్, ఏ సంగతీ శుక్రవారము నాటికి చెప్పగలరా?’ అను ప్రశ్నకు కఠినులు కూడ తఱచుగా సమాధానమిత్తురు. ఎవరి చేతిలోను లేనివాని యెడల, చెడు జరిగినచో మొదటి వారమున చేయు పనులను ఇప్పుడే వ్రాసి పెట్టుకొనుడు. వీసాపై నున్న దంపతులు ఆ 60 దినముల ఖర్చును, ఫోను చేయవలసినవారి పేర్లను ఒక మధ్యాహ్నము కూర్చుండి వ్రాసికొనినచో, పలుకరాని మాట పలుకదగినదగును.

ఒక హెచ్చరిక. గుండెదడ అంతయు ఒత్తిడి కాదు. థైరాయిడ్ అతిగా పనిచేసినను, రక్తహీనత యున్నను గుండె అట్లే కొట్టుకొనును. ఛాతీనొప్పి వచ్చినప్పుడు నోటుబుక్కు ప్రక్కన పెట్టి ఆసుపత్రికి పోవలెను. వారముల తరబడి నిద్ర లేకున్నను, బ్రతుకుపై విరక్తి కలిగినను, కేంద్రప్రభుత్వపు టెలి మానస్ వారి 14416 సంఖ్యకు ఏ వేళనైనను ఉచితముగా ఫోను చేసి తెలుగులోనే మాటలాడవచ్చును.

ఈ పరిశీలన పూర్తియైన పిమ్మట మఱొక పుట తెఱచి, ఎవరెవరి నోటుబుక్కులలో మన పేరుండునో వ్రాయవలసియున్నది. ఇది మొదటిదానికంటె కష్టము. ఇతరుల కాలమును, గడువును, భవిష్యత్తును తన చేతిలో నుంచుకొనిన ప్రతివాడును, ఎంత మంచివాడైనను, ఒకరికి ఒత్తిడి పుట్టు తావే. రాత్రి పదకొండు గంటలకు తోచిన మాటను అప్పుడే పంపు అధికారి ‘రేపు చూడవచ్చును’ అను రెండు ముక్కలు చేర్చినచో క్రిందివాని నిద్ర దక్కును. పిల్లవానిని ఇంటరు చదువునకు హాస్టలులో చేర్చిన తండ్రి, ఆదివారపు ఫోనులో వీక్లీ టెస్టు మార్కులతో మొదలుపెట్టక, మెస్సులో ఏమి వండిరో అడుగవచ్చును. ఈఏపీసెట్ ర్యాంకు అనుకొన్నట్లు రానిచో ఏ డిగ్రీలో చేరవచ్చునో, మఱొక యేడు ప్రయత్నించుటకు ఇంటిలో వీలున్నదో లేదో, ఔటింగునకు తీసికొనివచ్చిన నాడు వానితో కూర్చుండి స్పష్టముగా మాటలాడవచ్చును. ఆ మాట ఫలితములు వచ్చిన పిమ్మట ఓదార్పుగా చెప్పినచో వానికి ఉపయోగము తక్కువ. పరీక్షహాలులోనికి పోవునప్పటికే, ఆ రెండవ దారి తల్లికిని తండ్రికిని సమ్మతమేనని వానికి తెలిసియుండవలెను.